పిల్లలు నౌకాదళ అధికారులు కావాలంటే... తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

ఇంటర్మీడియెట్ ఎంపీసీ చదివే పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడల్లా మాకు వినిపించే కోరికలు రెండు మూడే. ఇంజనీరింగ్ సీటు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీలైతే గల్ఫ్‌కో అమెరికాకో ప్రయాణం. వీటిలో తప్పేమీ లేదు. కానీ అదే ఎంపీసీతో, అదే జేఈఈ మెయిన్ ర్యాంకుతో, ఫీజు కట్టకుండా నాలుగేళ్ళ బీటెక్ చదివి, చదువు ముగియగానే భారత నౌకాదళంలో సబ్ లెఫ్టినెంట్ హోదాతో ఉద్యోగంలో చేరే దారి ఒకటి ఉందని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ సంగతి తెలిసినవారు కూడా "అది మనవల్ల అయ్యేది కాదులెండి మాస్టారూ" అని ఊరుకుంటారు.

ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెబుతున్నవాళ్ళం కాబట్టి మాకు ఒక విషయం బాగా అర్థమైంది. మన పిల్లలు ఈ దారిలో కనిపించకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు. కొన్ని ఇళ్ళలో సమాచారం లేదు, కొన్ని ఇళ్ళలో ధైర్యం లేదు. ఈ అవకాశానికి వయసు హద్దు గట్టిది. పంతొమ్మిదిన్నరేళ్ళు దాటిన మర్నాడు ఎంత మంచి ర్యాంకున్నా ఆ తలుపు తెరుచుకోదు. పిల్లవాడికి సొంతంగా ఆలోచన వచ్చేసరికి కాలం మించిపోతుంది. అందుకే ఈ వ్యాసాన్ని ముఖ్యంగా తల్లిదండ్రుల కోసం రాస్తున్నాం.

అధికారి వేరు, నావికుడు వేరు

ముందుగా ఒక అపోహ తొలగాలి. నేవీ అనగానే మన ఇళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది పదో తరగతి తర్వాతో ఇంటర్ తర్వాతో నావికుడిగా చేరడం. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం కింద అలా చేరేవారిని అగ్నివీరులు అంటున్నారు. వారి తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో జరుగుతుంది. సర్వీసు నాలుగేళ్ళు. ఆ తర్వాత 25 శాతం వరకు మాత్రమే కొనసాగిస్తారు. అదీ గౌరవమైన కొలువే. కానీ అధికారి నియామకం వేరు, దాని పరీక్ష వేరు, శిక్షణ వేరు.

అధికారుల శిక్షణ కేరళ రాష్ట్రం కన్నూరు జిల్లాలోని ఎజిమళలో, ఇండియన్ నేవల్ అకాడమీలో జరుగుతుంది. ఒకవైపు కొండ, మరోవైపు అరేబియా సముద్రం, మధ్యన సుమారు 2,450 ఎకరాల ప్రాంగణం. 2009 జనవరి 8న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించారు. ఇక్కడ బీటెక్ చదివే క్యాడెట్లకు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వంటి శాఖలు ఉంటాయి. అంటే ఇది కాలేజీ చదువు మానేసి వెళ్ళే ఉద్యోగం కాదు. కాలేజీ చదువూ అధికారి శిక్షణా ఒకే ప్రాంగణంలో కలిసి సాగుతాయి.

"మనవాళ్ళను తీసుకుంటారా?" అన్నది మమ్మల్ని చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. దీనికి సూటిగానే జవాబు చెప్పుకోవాలి. దరఖాస్తులో సిఫారసుకు చోటు లేదు. ఎంపిక కేంద్రంలో అభ్యర్థి ఛాతీ మీద ఒక నంబరు ఉంటుంది, అక్కడున్నన్ని రోజులూ ఆ నంబరుతోనే పిలుస్తారు. ముగ్గురు అధికారులు మూడు వేర్వేరు పద్ధతుల్లో విడివిడిగా పరీక్షించి, చివరి రోజే కలిసి కూర్చుంటారు.

చరిత్ర చూసినా ధైర్యమే కలుగుతుంది. ఎజిమళ క్యాడెట్లు పడవ నడపడం నేర్చుకునే కేంద్రానికి మరక్కార్ పేరు పెట్టారు. పదహారో శతాబ్దంలో కోళిక్కోడు జామొరిన్ల తరఫున పోర్చుగీసువారితో సముద్రం మీద పోరాడిన కుంజాలీ మరక్కార్ల పేరది. ముంబయిలోని ఒక నౌకాదళ స్థావరానికి కూడా ఐఎన్ఎస్ కుంజాలీ అనే పేరు. మన హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 దాకా భారత వైమానిక దళాధిపతిగా పనిచేశారు. అర్హత సంపాదించడమే మన వంతు.

కాలేజీ చదువుతో పాటు అధికారి శిక్షణ: ఉన్న దారులు

మొదటి దారి 10+2 బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. ఇంటర్ ఎంపీసీ చదివి జేఈఈ మెయిన్ రాసినవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్ మూడింట్లో కలిపి కనీసం 70 శాతం, పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లీషులో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి. వయసు సుమారు 17 నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. కచ్చితమైన పుట్టిన తేదీల హద్దులు ప్రతి ప్రకటనలో ఇస్తారు. పెళ్ళి కాకూడదు. దీనికి వేరే రాతపరీక్ష లేదు. జేఈఈ మెయిన్ అఖిల భారత ర్యాంకును బట్టి ఇంటర్వ్యూకు పిలుస్తారు. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు నౌకాదళం తన సొంత నియామక వెబ్‌సైట్‌లో ప్రకటన ఇస్తుంది. ఐఐటీకి సరిపోని ర్యాంకు వచ్చిందని ఇంట్లో దిగులు పడుతున్న రోజుల్లోనే ఈ దరఖాస్తు గడువు గడిచిపోవడం మేము చూస్తూనే ఉన్నాం.

రెండో దారి యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహించే ఎన్‌డీఏ, నేవల్ అకాడమీ పరీక్ష. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే రాయవచ్చు. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నరేళ్ళ మధ్య వయసుండాలి. నౌకాదళం కోరుకునేవారు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్ చదివి ఉండాలి. లెక్కల పేపరు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ పేపరు 600 మార్కులు, ఆపైన ఇంటర్వ్యూ 900 మార్కులు. తప్పు జవాబుకు మార్కుల కోత ఉంటుంది. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. అమ్మాయిలకూ ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకూ అదీ లేదు. ఇందులో ఎంపికైనవారిలో కొందరు పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్‌డీఏలో మూడేళ్ళు చదివి, ఆ తర్వాత ఎజిమళకు వస్తారు. కొందరు నేరుగా ఎజిమళలోనే బీటెక్‌లో చేరతారు.

మూడో దారి డిగ్రీ తర్వాతది. ఈ పంతొమ్మిదిన్నర దాటినవారు నిరాశ పడనక్కరలేదు. బయటి కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తి చేసి యూపీఎస్సీ నిర్వహించే సీడీఎస్ పరీక్ష ద్వారా గానీ, నౌకాదళం ప్రకటించే షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా గానీ ప్రయత్నించవచ్చు. కాలేజీలో ఎన్‌సీసీ నౌకాదళ విభాగంలో చేరి 'సీ' సర్టిఫికెట్ సంపాదించినవారికి ప్రత్యేక అవకాశాలున్నాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల ఎన్‌సీసీ నౌకాదళ యూనిట్లు పనిచేస్తున్నాయి. డిగ్రీ కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ ఎన్‌సీసీ ఉందా, ఏ విభాగం ఉంది అని తప్పక అడగండి.

కాగితాల దగ్గర జాగ్రత్త

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ మన ఇళ్ళలో తరచూ అడ్డుపడేది ఇదే. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో 'ఎస్.కె.' అని రెండక్షరాలే ఉంటాయి. ఒక చోట 'మహమ్మద్' అని ఉంటే మరో చోట 'ఎం.డి.' అని ఉంటుంది. తండ్రి పేరులో ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనుక వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తేడాల సంగతి సరేసరి. ఏ పరీక్షకైనా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ పుట్టిన తేదీయే ప్రమాణం. పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే, పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే, బడికి వెళ్ళి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ చూసుకోండి. ఆధార్‌ను దానికి సరిపోయేలా దిద్దించండి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక మీసేవ చుట్టూ తిరగడం కంటే ఇది సులువు.

అసలు సర్టిఫికెట్లు, జిరాక్స్ కాపీలు, ఫోటోలు ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలు బాధ్యత పిల్లలకే అప్పగించండి. ఇలా ఎందుకంటున్నామో కింద తెలుస్తుంది.

ఐదు రోజుల పరీక్షకు తయారీ ఇంట్లోనే

ర్యాంకు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. అధికారిని ఎంచుకునేది మాత్రం సర్వీసెస్ సెలక్షన్ బోర్డు. ఎస్ఎస్‌బీ అంటే అదే. ఇది సుమారు ఐదు రోజుల పాటు సాగుతుంది. విశాఖపట్నంలో కూడా నౌకాదళ ఎంపిక కేంద్రం ఉంది. ఒక తరహా ప్రవేశానికి మొదటిసారి హాజరయ్యేవారికి ఏసీ త్రీటైర్ రైలు చార్జీ నిబంధనల ప్రకారం తిరిగి ఇస్తారు.

మొదటి రోజు వడపోత. తర్కశక్తి ప్రశ్నలు ఉంటాయి. ఆ తర్వాత మసకగా ఉన్న ఒక బొమ్మను 30 సెకన్లు చూపించి, దాని మీద కథ రాయమంటారు. ఆ కథ గురించి పిల్లలంతా కలిసి చర్చించాలి. ఇక్కడే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. మిగిలినవారికి మర్నాటి నుంచి మనస్తత్వ పరీక్షలు. బొమ్మలకు కథలు రాయాలి, ఒక్కో మాటకు 15 సెకన్ల చొప్పున 60 మాటలకు తోచిన వాక్యం రాయాలి, 60 చిన్న చిన్న పరిస్థితులు ఇచ్చి "నువ్వయితే ఏం చేస్తావు?" అని అడిగితే అరగంటలో జవాబులు రాయాలి. తర్వాత మైదానంలో జట్టుగా చేసే పనులు. చెక్క పలకలు, తాళ్ళు, పీపాలు ఇచ్చి అడ్డంకి దాటమంటారు. మరో పక్క ఒక అధికారి తీరికగా కూర్చోబెట్టి ఇల్లు, చదువు, స్నేహితులు, అలవాట్ల గురించి ముఖాముఖి మాట్లాడతారు. చివరి రోజు అందరూ కలిసి నిర్ణయం చెబుతారు.

వీటన్నిటిలో వాళ్ళు వెతికేది ఒక్కటే. ఈ పిల్లవాడు తనంతట తాను పని అందుకుంటాడా? పదిమందితో కలిసి పనిచేస్తాడా? ఇబ్బంది వస్తే ఆలోచిస్తాడా, బెదిరిపోతాడా? అబద్ధం చెబుతాడా, నిజం ఒప్పుకుంటాడా? ఇవి కోచింగ్ సెంటర్లో రెండు వారాల్లో నేర్పగలిగేవి కావు. పదిహేడేళ్ళు ఇంట్లో పెరిగిన తీరే అక్కడ బయటపడుతుంది.

మన పెంపకంలో ప్రేమకు లోటు లేదు. కానీ ఒక అలవాటు ఉంది. బడిలో మేము పిల్లవాణ్ణి "బాబూ, ఏ గ్రూపు తీసుకుంటావు?" అని అడిగితే, పక్కనున్న తండ్రి "ఎంపీసీ అండి" అని జవాబు చెబుతారు. "ఆటలేమైనా ఆడతావా?" అంటే "వాడికి చదువు తప్ప ఏమీ తెలీదండి" అని తల్లి గర్వంగా చెబుతారు. ఆ పిల్లవాడు నేల చూపులు చూస్తూ నిలబడతాడు. హాస్టల్లో పొద్దున ఐదింటికి లేపేది ఒకరు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేది ఒకరు, ఇంటికొస్తే కంచం ముందు పెట్టేది ఒకరు. పిల్లవాడు స్వయంగా నిర్ణయించుకోవడానికి రోజులో ఒక్క విషయమైనా మిగలదు. అలాంటివాణ్ణి ఎనిమిదిమంది జట్టు ముందు నిలబెట్టి "ఈ పని నీ బాధ్యత" అంటే ఏం చేయగలడు?

కాబట్టి తయారీ ఎనిమిదో తరగతి నుంచే, ఖర్చు లేకుండా, ఇంట్లో మొదలు కావాలి. ఇవి మేము మా పిల్లలకు చెప్పే సూచనలు:

బ్యాంకు పని, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, నాన్నమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళి చీటీ రాయించడం వంటి పనులు పిల్లలకు అప్పగించండి. తప్పు చేస్తే వాళ్ళతోనే దిద్దించండి.

సెలవుల్లో ఖాలా ఇంటికో మామూ ఇంటికో ఒంటరిగా బస్సులో, రైల్లో పంపండి. టికెట్టు వాళ్ళనే కొనుక్కోనివ్వండి.

ఇంట్లో పెళ్ళి జరిగితే భోజనాల దగ్గర నీళ్ళ ఏర్పాటో, వచ్చినవారి బస ఏర్పాటో ఒక్కటి పూర్తిగా వాళ్ళ మీద వదిలేయండి. మనుషులతో పని చేయించుకోవడం, అలిగినవారిని సర్దుబాటు చేయడం అక్కడ నేర్చుకున్నంతగా ఏ తరగతి గదిలోనూ నేర్చుకోరు.

రోజూ ఒక ఆట ఉండాలి. ముఖ్యంగా జట్టుగా ఆడే కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ వంటివి. వీలుంటే శిక్షకుడి పర్యవేక్షణలో ఈత నేర్పించండి. రాకపోయినా అకాడమీలో నేర్పుతారు, కానీ నీళ్ళంటే భయం ముందే పోతే మంచిది.

రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక చదివించి, రాత్రి భోజనాల దగ్గర అందులోని ఒక వార్త గురించి పది నిమిషాలు ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి. వాళ్ళ అభిప్రాయం మీకు నచ్చకపోయినా మధ్యలో ఆపకండి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు మనవాళ్ళు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో కలిసి బతికే చోట ఇది పెద్ద ఆస్తి.

ఆరోగ్యం ముందే చూపించండి

ఎస్ఎస్‌బీలో నెగ్గాక వైద్య పరీక్ష ఉంటుంది. సైనిక వైద్యులు తల నుంచి పాదాల దాకా చూస్తారు. రంగులు గుర్తించడంలో లోపం, చూపు, వినికిడి, పళ్ళు, మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం, అరిపాదం పూర్తిగా నేలకు ఆనడం, బరువు ఎక్కువ తక్కువలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఓడల మీద దీపాల రంగును బట్టే ఎదుటి ఓడ ఎటు పోతోందో తెలుసుకోవాలి. అందుకే వర్ణాంధత్వం ఉన్నవారిని తీసుకోరు. ఇది చాలా ఇళ్ళలో ఆ రోజు దాకా తెలియదు. తొమ్మిదో తరగతిలోనే ఒక కంటి వైద్యుడి దగ్గర చూపూ రంగులూ పరీక్ష చేయిస్తే, ఆశలు పెంచుకోకముందే సంగతి తెలుస్తుంది. చెవిలో గులిమి, పుచ్చిన పళ్ళు, అధిక బరువు వంటివి ముందుగా సరిచేసుకోదగినవే. పచ్చబొట్లు మాత్రం వద్దని చెప్పండి. వైద్య పరీక్షలో తిరస్కరించినా అప్పీలు చేసుకునే అవకాశం ఉంటుంది. ఆ కాగితంలో రాసిన గడువు చూసుకోవాలి.

ఖర్చు ఎంత, సంతకాలు దేనికి

బీటెక్ చదువు, శిక్షణ, పుస్తకాలు, బస, భోజనం, నిబంధనల ప్రకారం ఇచ్చే దుస్తులు, అన్నిటి ఖర్చూ ప్రభుత్వానిదే. ఎన్‌డీఏలో అయితే క్యాడెట్ చేతి ఖర్చులు తల్లిదండ్రులు భరించాలి. ఇటీవలి ప్రకటనల ప్రకారం అవి సాధారణంగా నెలకు 3,000 రూపాయలు మించవు. చేరేటప్పుడు కొంత సొమ్ము డిపాజిట్‌గా కట్టాలి. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు ఆర్థిక సాయం కోరే ఏర్పాటూ ఉంది. డబ్బు లేదని ఈ దారి వదులుకోవలసిన పని లేదు. కమిషన్ పొందాక, 7వ వేతన సంఘం ప్రకారం సబ్ లెఫ్టినెంట్ మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. దానిపై 15,500 రూపాయల మిలిటరీ సర్వీస్ పే, ఇతర భత్యాలు ఉంటాయి.

అయితే చేరేటప్పుడు తల్లిదండ్రులు కొన్ని పత్రాల మీద సంతకం చేయాలి. చదవకుండా చేయకండి. వాటిలో ముఖ్యమైనది బాండు. సొంత కారణాలతో మధ్యలో వదిలేసి వచ్చినా, కమిషన్ వద్దన్నా, అప్పటిదాకా అయిన శిక్షణ ఖర్చు తిరిగి కట్టవలసి వస్తుంది. శిక్షణ కాలంలో పెళ్ళి చేసుకోకూడదు. కాబట్టి "ముందు చేర్పిద్దాం, నచ్చకపోతే చూద్దాం" అనే ధోరణి పనికిరాదు. ఇంట్లో సంబంధాలు చూసే పెద్దలకు కూడా ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి.

ఇంకో మాట. "లోపల మనవాళ్ళున్నారు, ఇంత ఇస్తే సీటు ఖాయం" అని చెప్పేవాళ్ళు తటస్థపడితే నమస్కారం పెట్టి పంపేయండి. మెరిట్ జాబితా తప్ప లోపలికి పోయే దారి మరొకటి లేదు.

చేరాక మొదటి ఆరు నెలలు

కన్నూరు వైపు రైలెక్కి పయ్యనూరులో దిగితే అకాడమీ దగ్గర. బిడ్డను అక్కడ విడిచి వచ్చాక అసలు పరీక్ష తల్లిదండ్రులకు మొదలవుతుంది. తెల్లవారకముందే లేవడం, వ్యాయామం, డ్రిల్లు, ఆపైన తరగతులు, సాయంత్రం ఆటలు, ఈత, పడవలు, రాత్రి చదువు. నిద్ర చాలదు. బట్టలు ఉతుక్కోవడం, బూట్లు మెరిపించడం, నిమిషం ఆలస్యమైతే శిక్ష. ఫోను మాట్లాడే అవకాశం మొదట్లో చాలా తక్కువ. దొరికిన ఆ నాలుగు నిమిషాల్లో "అమ్మీ, నావల్ల కావడం లేదు" అని ఏడ్చే పిల్లలు ఉంటారు.

ఆ సమయంలో ఇంట్లో ఏం మాట్లాడాలో ముందే అనుకుని ఉండాలి. వెంటనే "వచ్చేయ్ నాన్నా, బాండు డబ్బు ఎలాగోలా కడతాం" అంటే, బిడ్డ నిలదొక్కుకోవడానికి పట్టుకున్న కొమ్మను మనమే నరికినట్టు. అలాగని "పరువు తీయకు, చచ్చినా అక్కడే ఉండు" అనడం అంతకన్నా ప్రమాదం. "కష్టంగానే ఉంటుంది. ఈ వారం గడవనీ. వచ్చే ఆదివారం మళ్ళీ మాట్లాడుకుందాం. నువ్వేం చెప్పినా వింటాం" అనండి. ఎక్కువమందికి కావలసింది ఇంటి దగ్గర ఒకరు వింటున్నారన్న భరోసా. ఒంట్లో బాగాలేదని, గాయమైందని, నిద్రపట్టడం లేదని పదేపదే చెబితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే అక్కడి వైద్యులకూ, తన డివిజనల్ అధికారికీ చెప్పమనండి. అవసరమైతే మీరే ఆ అధికారికి ఫోను చేయండి. పిల్లల మంచిచెడ్డలు చూడటం వారి విధుల్లో భాగమే.

చదువులోనో డ్రిల్లులోనో శారీరక పరీక్షల్లోనో వెనకబడితే ఒక టర్మ్ వెనక్కి వేస్తారు. దీన్ని రెలిగేషన్ అంటారు. ఆరు నెలలు ఆలస్యమవుతుంది, అంతే. ఊళ్ళో చుట్టాలకు ఏం చెప్పాలా అన్న బెంగ మీ దగ్గరే ఉంచుకోండి, బిడ్డ దాకా పోనివ్వకండి. ఉత్తరాలు రాయండి. ఇంటి కష్టాలన్నీ ఏకరువు పెట్టకుండా, తమ్ముడి అల్లరి, వీధిలోని కబుర్లు రాయండి. చదివి దాచుకోవడానికి ఉత్తరమే మేలు.

ప్రతి టర్మ్ తర్వాత సెలవులుంటాయి. ఇంటికొచ్చిన బిడ్డ కొంచెం నల్లబడి, కొంచెం సన్నబడి, మాట తక్కువై కనిపిస్తే కంగారు పడకండి. తన కంచం తనే కడుక్కుంటే ఆపకండి.

అమ్మాయిల సంగతి

"ఇది మగపిల్లలకు కదా" అనే మాటకు కాలం చెల్లింది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాల తర్వాత ఎన్‌డీఏలో అమ్మాయిలు 2022లో చేరారు. వారిలో 17 మంది 2025 మేలో శిక్షణ ముగించి బయటికొచ్చారు. ఇప్పుడు 10+2 బీటెక్ ఎంట్రీలో కూడా అమ్మాయిలకు అవకాశం ఉంది.

2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే నెలలో తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఇద్దరూ మన తెలుగు ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లలే. మా తరగతుల్లో ముందు బెంచీల్లో కూర్చుని లెక్కలు చకచకా చేసే ఆడపిల్లలను చూసినప్పుడు, వీళ్ళలో ఎంతమందికి ఇంట్లో ఈ మాట చెప్పేవారున్నారా అనిపిస్తుంది. అమ్మాయి అడిగితే, భద్రత గురించీ దూరం గురించీ మీకున్న అనుమానాలన్నీ తన ముందే చెప్పి, తన జవాబులు వినండి. అడగకముందే వద్దనకండి.

ఎంపిక కాకపోతే

ఇది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. పిలుపు వచ్చినవారిలో కొద్దిమందే చివరికి మిగులుతారు. రెండు మూడు సార్లు వెనక్కి వచ్చి, ఆ తర్వాత నెగ్గినవారు ఉన్నారు. ఎంతకీ కాక, వేరే ఉద్యోగంలో హాయిగా స్థిరపడినవారూ ఉన్నారు. కాబట్టి మాథ్స్, సైన్స్ చదువు గట్టిగా సాగనివ్వండి. ఇంజనీరింగ్ సీటు వస్తే చేర్పించండి. వయసు ఉన్నంతవరకు అటు ప్రయత్నం, ఇటు చదువు రెండూ నడుస్తాయి. డిగ్రీ తర్వాత మూడో దారి ఎలాగూ ఉంది.

ఐదు రోజులు పరీక్షకు వెళ్ళి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే "ఏమైంది?" అని నిలదీయకండి. ముందు అన్నం పెట్టండి. తర్వాత "అక్కడ ఏం చేశారు, ఎవరెవరు కలిశారు?" అని అడగండి. దేశం నలుమూలల పిల్లలతో ఐదు రోజులు గడిపి, భయం లేకుండా నలుగురిలో మాట్లాడి వచ్చిన అనుభవం వృథా పోదు. సొంతంగా నిర్ణయం తీసుకోవడం అలవాటైన పిల్లలు ఏ కాలేజీలో చేరినా, ఏ కొలువులో కుదిరినా నిలదొక్కుకుంటారు.

గుర్తుంచుకోవడానికి ఒక వరుస: ఎనిమిదిలో ఆటలూ ఇంటి బాధ్యతలూ. తొమ్మిదిలో పేర్ల సవరణ, కంటి పరీక్ష. ఇంటర్ మొదటి ఏడాదిలో యూపీఎస్సీ పాత ప్రశ్నపత్రాలు. రెండో ఏడాదిలో ఎన్‌డీఏ దరఖాస్తు, జేఈఈ మెయిన్. ర్యాంకు వచ్చాక నౌకాదళ ప్రకటన కోసం రోజూ ఒక చూపు.

ఎజిమళలో శిక్షణ ముగిసి పాసింగ్ అవుట్ పరేడ్ అయ్యాక, కొత్త అధికారి భుజాల మీద హోదా పట్టీలు తొడిగే అవకాశం తల్లిదండ్రులకే ఇస్తారు. ఆ తర్వాత కొచ్చిలోని శిక్షణ ఓడల మీద సముద్ర జీవితం మొదలవుతుంది. ఆ పట్టీలు తొడిగే చేతులు టైలరింగ్ మిషన్ తొక్కిన తల్లివి కావచ్చు, ఆటో నడిపిన తండ్రివి కావచ్చు. అక్కడ అందరూ సమానమే. అంతదాకా చేరడానికి ఇంటి నుంచి కావలసింది సరైన సమయంలో సరైన సమాచారం, బిడ్డ మీద నమ్మకం, పట్టిన చెయ్యి వదలవలసిన రోజున వదలగలిగిన నిబ్బరం.